ఖాళీ కెమెరా ముందు మోగిన డప్పు

ఫిలిం లేని కెమెరాను తిప్పడమనే విద్య ఒకటుండేదని మీకు తెలియదు. జేబులోంచి ఫోను తీసి, దారిన పోయే కోడిపిల్లను కూడా పది నిమిషాలు తీసి పారేసే కాలం మీది. మంచిదే, నేను కాదనను. కానీ "మా దగ్గర ఏమీ లేదు తాతా, అయినా సినిమా తీస్తున్నాం" అని నా ముందుకొచ్చి గొప్పలు పోయే పిల్లలను చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. ఏమీ లేకపోవడం అంటే ఏమిటో నేను చెబుతాను, వినండి.

నేను బడికి పోయినవాణ్ణి కాను. మాది షాద్‌నగర్ వైపు. టూరింగ్ టాకీసులో గుడారం గుంజలు పాతే కూలీగా చేరాను. గోడలకు పోస్టర్లు అంటిస్తూ వాటి మీదే అక్షరాలు నేర్చుకున్నాను. చివరికి ప్రొజెక్టరు నడిపే ఆపరేటరునయ్యాను. అట్లా ఉండగా కృష్ణ ఒడ్డు నుంచి ఒక కుర్ర డైరెక్టరు వచ్చాడు. మద్రాసులో చదివాడు, అది ఆయన తొలి సినిమా. బొమ్మ చూపించడం వచ్చినవాడికి బొమ్మ తీయించడం కూడా వస్తుందని ఎవరు చెప్పారో ఏమో, నన్ను ప్రొడక్షన్ మేనేజరును చేశాడు.

కథ తెలంగాణ పోరాటం కథ. ఒక ఊరి జనం సంఘం కట్టి, రజాకార్లను తరిమి, కోటలాంటి దొర గడి తలుపులు పగలగొట్టి, గాదెలో ధాన్యం పంచుకోవడం. కాగితం మీద అట్లాగే ఉంది. జీతం గురించి నేను ఒక్క మాట అడగలేదు. అప్పటిదాకా నేను చూపించిన బొమ్మల్లో మా మాట మాట్లాడే మనిషి ఒక్కడూ తగల్లేదు. ఈ సినిమాలోనైనా ఉంటాడనే ఆశతో ఒప్పుకున్నాను.

ఆ ఆశ మొదటి రోజే అడుగంటింది. డైరెక్టరు రైతు వేషం కట్టిన మనిషి చేత దొరతో "ఏవండీ, మా ధాన్యం మాకు ఇప్పించండి" అనిపిస్తున్నాడు.

"సారూ, దొర ముందట నిలబడి గిట్ల మాట్లాడే దినాలే ఉంటే పోరాటమే అక్కరలేకపోవు" అన్నాను.

"జనానికి అర్థం కావాలి కదయ్యా" అన్నాడు. ఏ జనానికో చెప్పలేదు.

ఊరు చూపించింది నేనే. కేతేపల్లి నుంచి లోపలికి పోవాలి, నా అత్తగారి ఊరు. ఆ ఊళ్లో నేను అందరికీ అల్లుణ్ణే. అల్లుడికి ఎంత మర్యాదో అంత వెక్కిరింత. "అల్లుడు ఉత్త చేతులతోని రాలే, సినిమాను ఎంటేసుకొని వచ్చిండు" అని ఆడవాళ్లు నవ్వేవారు. మా మేకప్ మనిషే మా రజాకార్ల నాయకుడు. తుపాకులు ఊరి వడ్రంగి వేపచెక్కతో చెక్కినవి, ఎండకు పగుళ్లు బారి, కాల్చకముందే విరిగేవి. అందరం బడిలో పడుకునేవాళ్లం. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఫిలిం డబ్బాలే మరీ తక్కువ. రిహార్సల్ అంటే కెమెరామన్ ఖాళీ కెమెరా తిప్పేవాడు. ఆ గరగర చప్పుడుకు జనం బెదిరి కెమెరా వైపు గుడ్లప్పగించి చూస్తారు, ముందు అలవాటు కానీ అనేవాడు. ఫిలిం ఎక్కించడం అసలు షాటుకే.

ఒక్క గడి విషయంలో మాత్రం మా అదృష్టం విచిత్రంగా ఉంది. దొర మనవడు హైదరాబాదులో ఉంటాడు, గడి తాళాలు గుమాస్తా చేతిలో ఉంటాయి. కిరాయి లేకుండా వాడుకోండి అని ఆ గుమాస్తాయే బడికి వచ్చి చెప్పిపోయాడు. డైరెక్టరు పొంగిపోయాడు. ఆ ఇంటి నుంచి ఏదైనా ఊరికే బయటికి వచ్చిందన్న మాట నేను అంతకుముందు వినలేదు. "ఎందుకిస్తుండ్రు సారూ?" అని అడిగితే, "కళాభిమానం అయ్యా" అన్నాడు. సరే, కళాభిమానం.

గడి లోపలి ఘట్టాలకంటే ముందే, గడి ముందుకు జనం తోసుకొచ్చే ఆఖరి ఘట్టం తీయాలనుకున్నాం. దానికి వందలమంది కావాలి. అది జొన్న కోతల కాలం. నేను ఇల్లిల్లూ తిరిగి బతిమాలితే ముప్పైమంది వచ్చారు. వాళ్లనే తలగుడ్డలు మార్చి కెమెరా వెనక నుంచి మళ్లీ మళ్లీ తిప్పాను. ఒక తాత మూడోసారి తిరుగుతూ, "అల్లుడా, గానుగకు గట్టిన ఎద్దుకు మాపటికి మేతన్న ఏస్తరు" అన్నాడు. డైరెక్టరు తల పట్టుకున్నాడు. జనం లేకపోతే ఆ ఘట్టం లేదు, ఆ ఘట్టం లేకపోతే సినిమాయే లేదు.

అప్పుడు ఆయన చెవిలో ఎవరో డప్పు సంగతి ఊదారు.

ఆ సంగతి నా భార్య పెళ్లయిన కొత్తలోనే నాకు చెప్పింది. పోరాటం నాడు ఆ చుట్టుపక్కల ఊళ్లకూ గూడేలకూ ఒక కట్టుబాటు ఉండేది. రజాకార్లను ముందుగా ఏ ఊరు చూస్తే ఆ ఊరి డప్పు ఒక తీరుగా మోగుతుంది. దాన్ని విన్న పక్క ఊరి డప్పు అందుకుంటుంది. విన్నవాళ్లు చేతిలో పని అక్కడే పడేసి గుతుపకర్రలు, వడిసెలలు, కారంపొడి పట్టుకుని ఉరకాలి. ఎందుకని అడగరాదు. దాన్ని ఆపతి డప్పు అనేవాళ్లు. ఆపద లేకుండా దాన్ని కొట్టినవాడు జన్మలో మళ్లీ డప్పు ముట్టరాదు.

చివరిసారి అది మోగింది పోలీసు చర్య తర్వాత. నిజాం దిగిపోయాడు, రజాకార్లు పోయారు, ఇక మనదే రాజ్యం అని జనం అనుకుంటున్నారు. అంతలో, పట్నం పారిపోయిన దొర నెత్తిన తెల్లటోపీ పెట్టుకుని మిలిటరీ లారీలో డ్రైవరు పక్కన కూర్చుని తిరిగొచ్చాడు. డప్పు మోగింది. జనం ఎప్పటిలాగే కర్రలతో వచ్చారు. లారీలోంచి తుపాకులు పేలాయి. ఇద్దరు ఇంటికి తిరిగి పోలేదు.

ఆనాడు డప్పు కొట్టిన మనిషి మేం సినిమా తీసేనాటికి ముసలివాడై ఆ ఊళ్లోనే ఉన్నాడు. నాకు మామ వరస. పెళ్లికీ చావుకూ జాతరకూ ఆయన డప్పే. ఆ దెబ్బ మాత్రం ఆ తర్వాత కొట్టలేదు.

డైరెక్టరు ఆయన్ను పిలిపించమన్నాడు.

"సారూ, ఆ దెబ్బ వద్దు" అన్నాను. "పెండ్లి డప్పు కొట్టిస్తా. ఎట్లాగూ ఇక్కడ శబ్దం రికార్డు చేసే మిషను లేదు. మద్రాసులో మీకు నచ్చింది కలుపుకోండి."

"నాకు నిజం కావాలయ్యా! నటుల ముఖాల్లో ఆ నిజం కనపడాలి. డప్పే కదా, దానికింత భయమెందుకు?"

మామ వచ్చి నిలబడ్డాడు. డైరెక్టరు చెప్పింది విన్నాడు.

"నిజంగనే కొట్టాల్నా సారూ?"

"నిజంగానే. ఆ రోజుల్లో ఎలా కొట్టావో అచ్చం అలాగే."

మామ నా వైపు తిరిగాడు. "సారు ఎర్క ఉండే అంటుండా, అల్లుడా?"

"ఎర్కలేకనే అంటుండు మామా. వద్దను, పో."

"మేనేజరూ, నువ్వు కాస్త పక్కకు జరుగు" అన్నాడు డైరెక్టరు.

మామ కొంచెం నవ్వాడు. "పోనీతియ్. ముప్పయేండ్లు దాటిపాయె. గిప్పుడు ఎవలకు యాదికుంటది? నా చేతికన్న యాదికున్నదా లేదా సూస్త" అన్నాడు.

ఆయన చేతికి యాది ఉంది. గడ్డి మంట వేసి డప్పును తిప్పి తిప్పి కాచాడు. వేలితో మీటి చూసి, చాలదని మళ్లీ కాచాడు. కెమెరామన్ ఖాళీ కెమెరా తిప్పడం మొదలుపెట్టాడు. మా ముప్పైమంది గడి ముందు వరసగా నిలబడ్డారు. మామ కొట్టాడు.

నేను జాతరల్లో ఎన్నో డప్పులు విన్నాను. ఇది ఆడించే దెబ్బ కాదు. కాళ్లు ఒక్క తాళానికీ పడవు, ఊపిరి మాత్రం ఎగబోస్తుంది. వరసలో ఉన్న ముసలివాళ్లు నటించడం మానేసి తలలు తిప్పి ఊళ్లోకి వచ్చే దారి వైపు చూడసాగారు. ఆయన ఆపాడు. అయినా డప్పు వినబడుతూనే ఉంది. నేను మొదట గడి గోడలకు తగిలి వస్తున్న ప్రతిధ్వని అనుకున్నాను. కాదు. తూర్పున గుట్ట అవతలి గూడెం దాన్ని అందుకుంది. కాసేపటికి దానికంటే దూరాన మరొకటి.

"మామా, ఏమైతాంది?" అన్నాను.

మామ ముఖం పాలిపోయింది. "యాదికున్నోళ్లు ఇంకా ఉన్నరు ర" అన్నాడు, అంతే.

వచ్చారు. జొన్నచేలలోంచి కొడవళ్లతో వచ్చారు, ఇళ్లలోంచి రోకళ్లతో వచ్చారు. ముందు ఉరికేవాళ్లంతా తల నెరిసినవాళ్లు. ఎందుకు ఉరుకుతున్నామో తెలియని పడుచువాళ్లు వాళ్ల వెనక. ఆడవాళ్ల కొంగుల్లో కారం. మనుషులు దుమ్ములోంచి పుట్టుకొస్తున్నట్టే ఉంది. మేం సంవత్సరమంతా బతిమాలినా దొరకని గుంపు గడి ముందర నిండిపోయింది.

ఖాకీ బట్టల్లో కనబడ్డ మొదటి మనిషి మా మేకప్ మనిషి. పిడికెడు కారం వాడి మొహాన పడింది. "అమ్మా! నేను రజాకార్ని కాదు! మాది తెనాలి!" అని కేకలు పెడుతూ బావి వైపు పరుగెత్తాడు.

డైరెక్టరు ఆనందంతో గెంతుతున్నాడు. "అద్భుతం! ఆపకు, తియ్యి, తియ్యి!"

కెమెరామన్ తిప్పుతూనే తల పక్కకు వంచాడు. "రిహార్సల్ అన్నారు కదండీ. ఫిలిం వెయ్యలేదు."

డైరెక్టరు ఉన్నచోటే చతికిలబడ్డాడు. ఆ ముఖం తలుచుకుంటే ఇప్పటికీ నాకు జాలి, దాని వెనకే కోపం వస్తాయి. నిజం కావాలన్నాడు. నిజం ఊరూరి నుంచి కాలినడకన వచ్చి ఎదుట నిలబడితే పెట్టెలో ఏమీ లేదు.

కారం కొట్టిన చేతిని కొంగుకు తుడుచుకుంటూ ఒక ముసలమ్మ ముందుకొచ్చింది. ఆనాడు లారీ ముందు పడిపోయిన ఇద్దరిలో ఒకాయన భార్య. నాకు అత్త వరస. నేరుగా మామ దగ్గరికి పోయింది.

"ఎవడొచ్చిండు తమ్మీ? ఏడున్నడు?"

"ఎవ్వడు రాలే అక్కా. సినిమా."

"ఏందీ?"

"సినిమా కోసం కొట్టమన్నరు. కొట్టిన."

అత్త ఆయన మెడలోని డప్పును చూసింది. "గా దెబ్బ ఇనే మా ఇంటాయన తినే తల్లెల చెయ్యి కడిగి ఉరికిండు. గా దెబ్బను ఆటకు కొట్టినవా? రేపు నిజంగ ఆపతొచ్చి కొడితే, 'సినిమా కావచ్చు తియ్' అని ఎవలింట్ల ఆళ్లు కూసోరా?"

మామ మెడలోంచి డప్పు తీసి నేల మీద పెట్టాడు. దాని మీద రెండు పుల్లలూ పెట్టాడు. "కట్టుబాటు నాకెర్కనే అక్కా. ఇగ ముట్ట" అన్నాడు.

తండ్రి చేతి నుంచి అందుకున్న డప్పు అది. ఊళ్లో ఆయనను మనిషిగా నిలబెట్టింది, ఇంట్లో పొయ్యి వెలిగించింది అదే. దాన్ని మా ఖాళీ కెమెరా కోసం మట్టిలో పెట్టేశాడు. ఆయన తప్పు లేదని, కొట్టమన్నది మేమేనని నేను నలుగురిలో అరిచి చెప్పాను. ఒక పెద్దమనిషి నా భుజం మీద చెయ్యేసి, "ఎవలు కొట్టుమన్నరని కట్టుబాటు అడగదు బిడ్డా" అన్నాడు.

మా డైరెక్టరు చూడండి, సరిగ్గా ఆ సమయంలో లేచి చేతులు జోడించాడు. "అందరూ ఒక్కసారి వెనక్కి వెళ్లి, మళ్లీ అలాగే పరుగెత్తుకుని రావాలి, దయచేసి!"

"మల్ల పోయి మల్ల రావాల్నా?" అన్నాడు గుంపులోంచి ఒకాయన. "మేమేమన్న నార్కట్‌పల్లి బస్సా?"

కొందరు నవ్వారు. ఆ నవ్వుతో కొంచెం మెత్తబడి, ఆ పెద్దమనిషే అడిగాడు: "మేం గిట్ల ఉరికొచ్చినంక ఏం జేస్తం సారూ మీ సినిమల?"

డైరెక్టరుకు ప్రాణం లేచి వచ్చింది. కథ చెప్పడమంటే ఆయనకు ఆకలి కూడా గుర్తుండదు. "మీరంతా గడి ముందుకు వస్తారు. రజాకార్లు పారిపోతారు. అప్పుడు తలుపులు తెరుచుకుంటాయి. దొర బయటికి వస్తాడు. మనసు మారిన దొర! తన చేతులతో గాదె తాళం తీసి మీకు ధాన్యం పంచుతాడు. మీరు కర్రలు పడేసి ఆయనకు దండం పెడతారు."

నేను నా చెవులను నమ్మలేదు. "మనం రాసుకున్నది గిది కాదు గద సారూ!"

ఆయన నా చెయ్యి పట్టి దగ్గరికి లాగి, గొంతు తగ్గించాడు. "గడి ఊరికే ఎలా ఇచ్చారనుకున్నావయ్యా?"

కళాభిమానం!

గడి మెట్ల మీద గుమాస్తా నిలబడి ఉన్నాడు. దాచాలని కూడా ఆయనకు తోచలేదు. "సినదొరవారు కోరిండ్రు. వాళ్ల తాతగారి పేరు నిలవాలె గద" అన్నాడు.

అత్త మెల్లగా డైరెక్టరు ముందుకు వచ్చింది.

"దొర తనే తాళం తీసిండా సారూ?"

"సినిమాలో, అమ్మా..."

"తనే వడ్లు పంచిండా?"

"అంటే..."

"మరి మా ఇంటాయన ఎట్ల సచ్చిండు? వడ్లు మొయ్యలేక సచ్చిండా?"

మద్రాసులో దీనికి జవాబు చెప్పించే చదువు లేనట్టుంది. అత్త వెనక్కి తిరిగి, వంగి, మట్టిలోంచి డప్పు తీసింది. ఆడది డప్పు ముట్టడం ఆ ఊళ్లో లేని పని. ఎవరూ వద్దనలేదు. దులిపి మామ చేతుల్లో పెట్టింది.

"పట్టు తమ్మీ. నువ్వు ఉత్తగ కొట్టలే. దొర మల్ల వచ్చిండు. మనకెర్కలేదు గంతే."

పెద్దమనిషి తల ఊపాడు. "గంతే. డప్పు నిజమే జెప్పింది."

మామ డప్పును గుండెకు ఆనించుకున్నాడు. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక భుజానికి రుద్దుకున్నాడు.

"ఇగ కొట్టు" అంది అత్త.

"ఇగెందుకక్కా? అందరొచ్చిండ్రు గద!" అన్నాడు మామ. గుంపంతా ఘొల్లుమంది.

ఆ నవ్వు విని గుమాస్తా బెదిరాడు. లోపలికి ఉరికి తలుపులు మూసి గొలుసు బిగించాడు. "సినదొరకు జెప్త! గడిల మీ సినిమా ఇగ బందు!" అని లోపలి నుంచి అరిచాడు.

డైరెక్టరు మూసిన తలుపులను చూశాడు, గుంపును చూశాడు. ఆయన మనసు మారిందని మీరు అనుకోకండి, సినిమాల్లో దొరలకే అట్లా మారుతుంది. అంత జనం మళ్లీ దొరకరని లెక్క తెలిసింది, అంతే. కెమెరామన్ వైపు తిరిగి, "ఉన్న డబ్బా ఎక్కించు" అన్నాడు. ఉన్నది ఒక్కటే.

ఈసారి ఎవరికీ ఏమీ నేర్పలేదు. మామ కొట్టాడు, జనం తలుపుల మీద పడ్డారు. అందరికంటే ముందు అత్త, పిడికిలితో బాదుతోంది. పక్కన రోకళ్లు, కర్రలు. ముప్పైమందిని తిప్పినప్పుడు కెమెరా వైపు దొంగచూపులు చూసినవాళ్లే ఇప్పుడు కెమెరా ఒకటి ఉందనే మరిచిపోయారు. తలుపుకు అడుగున ఒక పలక నిజంగానే ఊడింది. ఫిలిం అయిపోయాక కూడా కెమెరామన్ ఖాళీ కెమెరా తిప్పుతూనే ఉన్నాడు. ఆపడానికి మనసు రాలేదన్నాడు తర్వాత.

గడి అట్లా పోయింది. లోపల తీయాల్సిన దొర ఘట్టాలన్నీ, మద్రాసు నుంచి కొత్త డబ్బాలు వచ్చాక, బడి వరండాలో తీశాం. మా సినిమాలో దొరగారి దివాణం గోడ మీద చెరిపీ చెరపని ఎక్కాలు కనబడతాయి. పత్రికలవాళ్లు ఆ ఎక్కాలను చూసి నవ్వారు, గడి తలుపుల ఘట్టాన్ని మాత్రం మెచ్చుకున్నారు. డైరెక్టరు దండలు వేయించుకున్నాడు.

అంతకుముందు మద్రాసులో శబ్దం కలిపే పని జరిగింది. మామను రైలెక్కించి తీసుకొస్తాను, ఆ డప్పు ఆయనే కొట్టాలి అని కబురు చేశాను, మళ్లీ చేశాను. జవాబు వచ్చింది: స్టూడియోలో మనిషి ఉన్నాడు, ఏదైనా డప్పే కదా. నిజం కావాలని మా ఊళ్ల మీద పడ్డవాడు ఈయనే!

చాలా రోజులకు ఆ బొమ్మ కేతేపల్లి దగ్గర గుడారానికి వచ్చింది. ఆ రీళ్లు నేనే నడుపుతానని అడిగితే ఇవ్వలేదు, ఎవడో కొత్త ఆపరేటరు. ఊరంతా బండ్లు కట్టుకుని వచ్చింది. అప్పటికి అత్త పోయి రెండు పంటలైంది. నేను మామ పక్కన నేల మీద కూర్చున్నాను. ఆ ఘట్టం వచ్చింది. తెర నిండా మా జనం, మా దుమ్ము. వెనక నుంచి డప్పు మొదలైంది. సర్కసు గుడారం ముందు ఏనుగును నడిపించేటప్పుడు కొడతారే, అది! కిణికిణి తాళాలు కూడా కలిపాడు. నాకు నెత్తురు తలకెక్కింది. లేచి ఆ ప్రొజెక్టరు తన్నేద్దామనుకున్నాను.

"సూసినవా మామా, ఎంత పని జేసిండో! నీ దెబ్బను ఏం జేసిండో సూసినవా?"

మామ తెర మీది నుంచి కళ్లు తిప్పలేదు.

"మంచిగైంది తియ్ అల్లుడా. అసలుదే అండ్ల ఉంటే, ఈ బొమ్మ ఆడిన ఊరల్ల ముసలోళ్లు కర్రలు వట్టుకొని ఉరికెటోళ్లు. గిది ఇంటె ఎవ్వడు రాడు. ఉండనీ."

"గట్ల ఎట్ల ఉండనిస్తం? అసలు ఆ సారును..."

ఆయన చెయ్యి నా మోకాలి మీద పడింది.

"జర సప్పుడు చెయ్యకు బిడ్డా. అక్క తలుపు కొడుతాంది, సూడనీ."